అవ్వ మాట చేదు, యాప్ మాట ముద్దు

ఈ కాలం ఆడపిల్లలకు బిడ్డను కనడం వచ్చు గానీ బాలింతగా ఉండటం రాదు. ఈ మాట నేను ఎవరి మొహం మీదైనా అంటాను. మా మనవరాలి మొహం మీదైతే మూడు పూటలా అంటున్నాను. దానికి కోపం రావడం లేదు. చెవుల్లో ఏవో రెండు తెల్లటి గింజలు పెట్టుకొని ఉంటుంది, అవి నా మాటను లోపలికి పోనియ్యవు. మా రోజుల్లో కూడా బాలింత చెవుల్లో దూది పెట్టేవాళ్లు, గాలి పోకుండా. ఇప్పుడు పెట్టుకునేది అవ్వ మాట పోకుండా.

నేను పుట్టింది జమ్మలమడుగు పక్క పల్లెలో, పెన్న ఒడ్డున. మెట్టింది ప్రొద్దుటూరు. కూతుర్ని ఇచ్చింది పులివెందులకు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలనేది మా రివాజు కాబట్టి నేను బాలింతనైంది జమ్మలమడుగులో, నా కూతురు ప్రొద్దుటూరులో మా ఇంట్లో, ఇప్పుడు దాని కూతురు పులివెందులలో. మూడు తరాలు, మూడు ఊళ్లు, మూడు మంచాలు. మొదటిది నులకమంచం, రెండోది నవారు మంచం, మూడోది మీట నొక్కితే తలవైపు పైకి లేచే మంచం. ఈ మూడింటి పక్కనా కూర్చున్న మనిషిని కాబట్టి ఈ విషయంలో నాకు తెలియనిది లేదు. ఉందని నీకు అనిపిస్తే అది నీ వయసు లోపం, నాది కాదు.

చూడు పాపా, బిడ్డ ఏడిస్తే తల్లి ఎవరి మొహం చూడాలి? బిడ్డ మొహం. మా మనవరాలు ఫోన్ మొహం చూస్తుంది. ఎప్పుడు పాలు తాగింది, ఏ పక్క తాగింది, ఎంతసేపు తాగింది, ఎన్నిసార్లు ఉచ్చ పోసింది, ఎన్ని గంటలు పండుకుంది, అన్నీ అందులో రాసిపెట్టుకుంటుంది. మా ఆయన ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గుమాస్తా. గురివింద గింజంత తేడా వచ్చినా రాత్రి నిద్రపోని మనిషి. ఆయన కూడా తన చిట్టా ఇంత భక్తిగా రాసుకోలేదు. "ఏమ్మే, బిడ్డ ఏడుస్తాంది, ఎత్తుకో" అంటే, "ఇంకా టైమ్ కాలేదవ్వా, యాప్‌లో రెండు గంటలని ఉంది" అంటుంది. బిడ్డకు ఆకలి యాప్ చూసి వేస్తుందా? మా పల్లెలో గడియారం ఉండేదే కరణం ఇంట్లో, అదీ సగం రోజులు ఆగిపోయి ఉండేది. బిడ్డ ఏడ్చిందా, ఇచ్చినాము. తాగిందా, పండబెట్టినాము. మళ్లీ ఏడ్చిందా, మళ్లీ ఇచ్చినాము. లెక్కలెవరు పెట్టినారు?

తమాషా ఏందంటే పిల్లల డాక్టరమ్మ కూడా ఈ మాటే చెప్పింది. బిడ్డ అడిగినప్పుడల్లా పాలియ్యాలి, గడియారం పట్టుకొని కూర్చోవద్దు అనింది. అది విని మనవరాలు ఎంత బుద్ధిగా తలూపిందో! అదే మాట నేనంటే చాదస్తం, ఆమె అంటే సైన్సు. ఆమెకు ఫీజు కట్టినారు, నాకు సంగటి పెట్టినారు. తేడా అక్కడ వస్తుంది.

ఇంకోటి విను. బిడ్డ నిద్రపోవాలంటే ఫోన్‌లో వాన చప్పుడు పెడుతున్నారు. జోలపాట కాదు, వాన చప్పుడు! మేఘం కనబడితే ఇంటిల్లిపాదీ వాకిట్లోకొచ్చి తలలెత్తి చూసే సీమలో పుట్టిన బిడ్డకు రాత్రంతా కుండపోత వినిపిస్తున్నారు. రేపు ఈ బిడ్డ పెద్దయి కిటికీ తెరిచి, ఎండిపోయిన చెనిక్కాయ చేను చూసి ఏమనుకోవాలి? "మీరు పాడవచ్చు కదవ్వా" అన్నాడు మనవరాలి మొగుడు. పాడినాను. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది. వాన చప్పుడే పెట్టుకోమన్నాను.

స్నానం సంగతి చెప్పకపోతే నాకు ఈ పూట అన్నం సయించదు. మా రోజుల్లో బాలింత స్నానమంటే ఇంటి మొత్తానికీ పని. పెన్నలో నీళ్లు పారేది ఏడాదిలో కొన్నాళ్లే. తక్కిన రోజులు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు ముంతతో తోడి, బిందెలకెత్తుకొని రావాల్సిందే. తెల్లవారకముందే పత్తికట్టె రాజేసి, కాగు పొయ్యికెక్కించి, వావిలాకు వేసి మరగకాచేవాళ్లు. మంత్రసాని అవ్వ నన్ను నాపబండ మీద కూర్చోబెట్టి నడుము మీద చెంబు తర్వాత చెంబు కుమ్మరించేది. "కాలుతాంది అవ్వా" అంటే, "కాలాల. కాలితేనే వాతం పోయేది" అనేది. ఆమె దగ్గర అప్పీలు లేదు. తర్వాత నడుముకు పాత చీరతో బిగించి కట్టు, తలకు గుడ్డ, నులకమంచం కింద నిప్పుల కుంపటి. అందులో సాంబ్రాణి, వాము, తెల్లగడ్డ పొట్టు. ఆ పొగకు కండ్లు మండేవి గానీ, ఆ పొగ వాసన తగిలితే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

బిడ్డ స్నానం మా జేజిది. కాళ్లు బారజాపుకొని కూర్చొని, ఆ కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకొని, ఆముదం మర్దన చేసి, శెనగపిండితో నలుగు పెట్టి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, ముక్కు నిలబడాలని రోజూ లాగేది. నా కొడుకు ముక్కును అంత లాగినా చివరికి వాళ్ల నాయన ముక్కే వచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడో? ప్లాస్టిక్ తొట్టి. అందులో పసుపుపచ్చ బాతు బొమ్మ. ఆ బాతు నీళ్లలో తేలుతా వేడెంతో అంకెల్లో చూపిస్తుంది. మేము మోచెయ్యి ముంచి చూసేవాళ్లం. బాతును డబ్బు పెట్టి కొన్నారు, మోచెయ్యి మాకు పుట్టుకతోనే వచ్చింది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయబోతే ఏఎన్‌ఎం అమ్మాయి నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమంట. సాంబ్రాణి పొగ కూడా పసిబిడ్డకు పడదంట. "ఆ పొగలోనే కదా మీ అమ్మను పెంచింది" అన్నాను. "అందుకే అమ్మకు ఎప్పుడూ ఆయాసం" అనేసింది మనవరాలు. దానికింత నోరెట్లా వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పుడు మాటలు తొందరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకించింది నేనే. ఇప్పుడది కూడా వద్దంటున్నారు. ఈ ఒక్కసారి నేనూ వద్దనే అంటాను, కారణం వేరే అయినా.

తిండి విషయంలో మాత్రం మీరు మాకు సాటిరారు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము దంచి, బెల్లం, నెయ్యి వేసి కాయం చేసేది మా అమ్మ. పొద్దున్నే ఉసిరికాయంత ఉండ నోట్లో పెడితే చెవుల్లోంచి ఆవిరి వచ్చేది. పాత బియ్యం బువ్వ, తెల్లగడ్డ కారం, దాని మీద నెయ్యి. ఇప్పుడు పాలు పడటానికి డబ్బాలో పొడి వస్తుంది, బిస్కెట్లు వస్తాయి, లడ్లు బెంగళూరు నుంచి పార్శిల్లో వస్తాయి. ఆ లడ్డు తెరిచి చూస్తే శొంఠి, బెల్లం, నెయ్యి. మా అమ్మ కాయమే! కాకపోతే అట్టపెట్టె, రిబ్బను, బొమ్మ, ఒక్కో లడ్డుకు బస్సు చార్జీ అంత ధర. మా అమ్మకు రిబ్బను కట్టడం తెలీక పేదరాలిగానే పోయింది.

ఇక పథ్యమంటారా, పప్పు వద్దు, వంకాయ వద్దు, గుమ్మడి వద్దు, పెరుగు వద్దు, పండ్ల ఊసే వద్దు. ఇప్పుడు పులివెందులలో మా మనవరాలు అరటిపండ్లు తింటుంది, చీనీ రసం తాగుతుంది, రాత్రిపూట పెరుగన్నం కూడా తింటుంది. నేను మొదటి రోజు గుండె పట్టుకొని కూర్చున్నాను, బిడ్డకు జలుబు చేస్తుందని. చెయ్యలేదు. రెండో రోజు చేస్తుందన్నాను. చెయ్యలేదు. ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

నీళ్ల సంగతి మాత్రం నన్ను అడక్కు. బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని మాకు గుక్కెడు గుక్కెడు కొలిచి పోసేవాళ్లు. ఎండాకాలం కాన్పు నాది. నాలుక పిడచ కట్టుకుపోయేది. అందరూ పండుకున్నాక చప్పుడు కాకుండా లేచి కుండలో నీళ్లు దొంగతనంగా తాగేదాన్ని. తాగనప్పుడూ పొట్ట పెరిగింది, తాగినప్పుడూ పెరిగింది. పాలిచ్చే తల్లి దాహం తీరా నీళ్లు తాగాలని ఇప్పుడు చెప్తున్నారు. తొలిపాలు, ముర్రుపాలు కుళ్లు పాలని పిండి పారబోయించి, బిడ్డకు చక్కెర నీళ్లు, ఆముదపు చుక్క నాకించినారు మావాళ్లు. ఇప్పుడు పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టాలంట, ఆ ముర్రుపాలే మొదటి టీకా అంట. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టొద్దంట. పులివెందుల ఎండల్లో చుక్క నీళ్లు లేకుండా బిడ్డ ఎట్లా బతుకుతుందని ఏఎన్‌ఎంతో గొడవ పెట్టుకున్నాను. "తల్లిపాలల్లో నూటికి 88 పాళ్లు నీళ్లే ఉంటాయి అవ్వా" అనింది. మా ఇంటికి పాలు పోసేవాని లెక్క కూడా దగ్గర దగ్గర అంతే అన్నాను. ఆ పిల్ల నవ్వింది. మా మనవరాలు నవ్వలేదు.

ఆసుపత్రుల విషయానికొస్తే, మా రోజుల్లో ఆసుపత్రి గడప తొక్కకుండానే పదేసి మందిని కన్నారు. ఇప్పుడు నెల తప్పిన రోజే ఫైలు తెరుస్తారు. ఆ ఫైలు లావెక్కిన కొద్దీ మనిషికి దిగులు. చివరికి కోత. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోత కాన్పులేనంట. అవసరమై చేసేది కొంత, భయపడి చేయించుకునేది కొంత, పంచాంగం చూసి ముహూర్తానికి బిడ్డను బయటికి తీయించేది కొంత. మా కాలంలో జాతకం బిడ్డ పుట్టినాక రాసేవాళ్లు, ఇప్పుడు ముందు రాసి తర్వాత బిడ్డను పుట్టిస్తున్నారు.

నేనిట్లా ఊపు మీద ఉండగా నా కూతురు వంటింట్లోంచి, "అమ్మా, అన్నను యాడ కన్నావు?" అని అడిగింది. నాకు దగ్గొచ్చింది.

సరే చెప్తాను. పొద్దంతా, రాత్రంతా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని అవ్వ చేతులెత్తేసింది. మా నాయన ఎద్దులబండి కట్టి, గడ్డి పరిచి, దాని మీద దుప్పటేసి నన్ను జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రికి తోలుకొని పోయినాడు. తెల్లోళ్ల ఏలుబడిలో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన ఆసుపత్రి అది. మా జేజి దాన్ని దొరసానుల ఆసుపత్రి అనేది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఇట్లాంటి బండ్లే వచ్చేవి దాని వాకిట్లోకి. నా కొడుకు అక్కడ పుట్టినాడు. వైయస్ రాజశేఖరరెడ్డి గారు డాక్టరు చదువు అయిపోయినాక కొన్నాళ్లు పనిచేసింది కూడా ఆ ఆసుపత్రిలోనే. కాబట్టి ఆసుపత్రి గడప తొక్కలేదన్న మాట నా గురించి కాదు, మా అమ్మ గురించి అని సవరించి చదువుకో.

మా అమ్మ నిజంగానే తొక్కలేదు. పది కాన్పులూ ఇంట్లోనే. మిగిలింది మేము ఐదుగురం. పోయినవాళ్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పెండ్లిళ్లలో చుట్టాలెవరైనా పిల్లల వయసులు అడిగితే మాత్రం, మా అమ్మ పెద్దోడి నుంచి చెప్పుకుంటా వచ్చి మధ్యలో ఆగేది. ఎందుకాగిందో మాకు తెలిసేది, ఎవరూ అడిగేవాళ్లం కాదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయినారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. మశూచి 1975తో మన దేశం వదిలిపోయింది. పోలియో లేదని 2014లో ప్రకటించినారు. 2005లో 108 బండి వచ్చింది, అర్ధరాత్రి ఎద్దులబండి కట్టే పని తప్పింది. కాన్పయినాక తల్లినీ బిడ్డనూ ఇంటికాడ దింపే బండి కూడా ఇప్పుడుంది. ఆశా అమ్మాయి గుర్తుపెట్టుకొని వచ్చి మరీ ఆరు వారాల టీకా, పది వారాల టీకా, పద్నాలుగు వారాల టీకా అని గుర్తు చేస్తుంది. సరే, ఈ ఒక్క లెక్కలో గెలుపు మీదే. రాసుకోండి. తక్కిన అన్నిట్లో మాదే.

మొగుళ్ల విషయంలో చూడు. మా ఆయన కొడుకును చూసింది పురుడు వెళ్లినాక. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులో గంట కూడా పట్టదు. అయినా మర్యాద అది. పదకొండో నాడు పురిటి స్నానం, పుణ్యావచనం అయినాక కొత్త పంచె కట్టుకొని వచ్చి, గడప దగ్గర నిలబడి, బిడ్డను మా అమ్మ చేతుల్లోనే చూసి, "ఆరోగ్యం బాగుంది కదా" అని నన్ను కాదు, మా నాయనను అడిగి, భోంచేసి వెళ్లిపోయినాడు. వస్తా వస్తా బిడ్డకు బంగారు ఉంగరం తెచ్చినాడు. అప్పుడు పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయలకు అటూ ఇటూ ఉండేది, ఇప్పుడు లక్ష దాటింది. బంగారు అంగట్లో పనిచేసే మనిషి అంతకంటే ప్రేమ ఎట్లా చూపిస్తాడు?

ఈ కాలం మొగుడు కాన్పు గదిలోకే పోతాడు. బొడ్డుతాడు కూడా నేనే కోస్తానంటాడు. మా మనవరాలి మొగుడు బెంగళూరు ఉద్యోగాన్ని పులివెందుల మేడ మీదికి తెచ్చుకొని, ఒక చేత్తో కంప్యూటరు కొడతా, ఇంకో చేత్తో బిడ్డను భుజానేసుకొని తేనుపు తెప్పిస్తాడు. డైపరు మారుస్తాడు. మీటింగులో ఉండి మారుస్తాడు! "మగోనివి, నీకెందుకప్పా ఈ పని, మా ముందర సిగ్గుగా ఉంది" అన్నాను. "బిడ్డ నాది కూడా కదవ్వా" అన్నాడు. ఎదురు మాట్లాడటం కూడా నేర్పినారు వీనికి. నాకు నచ్చలేదు. రాత్రి నా ముసలి మోకాళ్లకు ఆముదం కాచి తెచ్చిచ్చింది కూడా వాడే, అది నచ్చింది.

డైపర్లంటే గుర్తొచ్చింది. మాకు పొత్తిగుడ్డలుండేవి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరలు, జేజి కట్టినవి, అమ్మ కట్టినవి. తడిసిన గుడ్డ తీసేయ్, ఉతుకు, ఆరెయ్. ఇప్పుడు ప్లాస్టిక్ మూట కట్టి పారేస్తున్నారు. పులివెందుల చెత్తబండి మా ఇంటి ముందు ఆగినప్పుడు ఆ పిల్లోడు నా వైపు చూసే చూపు నాకు తల కొట్టేసినట్టుంటుంది. గుడ్డలే వాడండి అని చెప్పినాను. "ఎవరు ఉతుకుతారవ్వా?" అని అడిగింది మనవరాలు. మాకు ఎవరు ఉతికినారు? ఆలోచిస్తే, చాకలి అవ్వ. ఆమె ఇంట్లో పసిబిడ్డ గుడ్డలు ఎవరు ఉతికినారో మేమెప్పుడూ అడగలేదు.

ఇంకో మాట కూడా నిజం చెప్పాల. బాలింత నెలల తరబడి మంచం దిగకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు, సూర్యుని చూడకూడదు అని నేను చెప్పే ఈ భోగమంతా ఇంట్లో నాలుగు గింజలున్న వాళ్లది. మా నల్లరేగడి చేలల్లో పత్తి తీసే ఆడోళ్లు పచ్చిబాలింతలుగానే పనిలోకి వచ్చేవాళ్లు. గట్టు మీది వేపచెట్టుకు చీర జోలె కట్టి, అందులో బిడ్డనేసి, ఒక సాలు అయిపోయినాక వచ్చి పాలిచ్చి, మళ్లీ సాల్లోకి. రొమ్ములు సలుపుతా ఉంటే రవిక తడిసేది, అయినా ఒడి నింపేవాళ్లు. ఇప్పుడు మా మనవరాలికి 26 వారాల సెలవు, జీతంతో. 1961 చట్టంలో 12 వారాలుంటే 2017లో పెంచినారంట. తొలి బిడ్డ తల్లికి కేంద్రం పథకం కింద అయిదు వేలు కూడా ఇస్తారు. అంగన్‌వాడీలో గుడ్లు, పాలు ఇస్తారు. మంచిదే. కానీ ఆ 26 వారాల సెలవు చెనిక్కాయ పీకే కూలి చేతికి ఇంకా రాలేదు. ఆ ఒక్క విషయంలో మీ కాలమూ మా కాలమే.

చూపుల సంగతి విను. మా బిడ్డలను ఇరవై ఒకటో నాడు ఉయ్యాల్లో వేసేదాకా బయటివాళ్ల కంట పడనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు బిడ్డ కండ్లు తెరవకముందే ఫోటో అమెరికా చేరుతుంది. నెల నిండకముందే ఫోటోగ్రాఫరు వచ్చి, పసిగుడ్డును వెదురుబుట్టలో వంకరగా పండబెట్టి, నెత్తిన కుందేలు చెవులు పెట్టి, తీసిందే తీస్తాడు. నేను ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీస్తే వాళ్లందరికీ తుమ్ములొచ్చినాయి. మిరపకాయ కోరు కాబట్టి వచ్చినాయన్నారు. నేను ఒప్పుకోలేదు. అయితే బిడ్డను ముట్టుకోబోయిన ప్రతివానికీ ఆ సీసాలోని జిగట నీళ్లు చేతులకు పుయ్యమంటుందే మా మనవరాలు, ముద్దులు పెట్టొద్దంటుందే, అది మాత్రం మా మంత్రసాని అవ్వ చూస్తే మెచ్చుకునేది. మేము మైల పేరు చెప్పి గదిలోకి రానిచ్చేవాళ్లం కాదు, వీళ్లు ఇన్‌ఫెక్షన్ పేరు చెప్పి రానియ్యరు. చుట్టాలు అలగడం రెండు కాలాల్లోనూ ఒకటే.

ఇన్ని చెప్పినాను కదా, ఇప్పుడు అసలు మాట. ఒక రాత్రి నీళ్లకు లేస్తే మనవరాలి గదిలో దీపముంది. బిడ్డ హాయిగా నిద్రపోతోంది. ఇది మాత్రం గోడకానుకొని కూర్చొని ఏడుస్తోంది. "ఏమైందే, కుట్లు నొప్పా?" అంటే తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదవ్వా. దీన్ని సరిగ్గా పెంచలేనేమో అనిపిస్తాంది. అందరికీ వచ్చింది, నాకే రావడం లేదు" అనింది. చదువుకున్న పిల్ల. నెలకు దాని జీతం మా ఆయన ఉద్యోగం మొత్తంలో చూడలేదు. ఆ ఫోన్‌లో లెక్కలు ఎందుకు రాస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. పక్కన చెప్పే మనిషి లేక.

మాకూ ఏడుపు వచ్చేది. బిడ్డ పుట్టినాక మూడో నాడో నాలుగో నాడో ఊరికే కండ్లల్లో నీళ్లు తిరిగేవి. మా జేజి "ఏడుపొస్తే ఏడువు, పాలతో పాటు పోతుంది" అని తల నిమిరేది. పది పన్నెండు రోజుల్లో ఆ దిగులు దానంతటదే పోయేది. కొందరికి పోయేది కాదు. మా వీధిలో ఒకామె బిడ్డ వైపు చూసేదే కాదు, అన్నం ముద్ద ముట్టేది కాదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టినారు, గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు, కడప పెద్ద దర్గాకు తీసుకుపోయినారు. ఎవరికి తోచింది వాళ్లు చేసినారు గానీ డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇట్లాంటి తల్లులను బిడ్డలతో సహా ఉంచుకొని వైద్యం చేసే వార్డే ఉంది, 2009 నుంచి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి ధైర్యం చెప్తారంట, డబ్బు కట్టే పని లేదు. దిగులు రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, ప్రాణం తీసుకోవాలనిపిస్తే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. తాయెత్తు కట్టాలనిపిస్తే కట్టు, కట్టుకొనే పో.

మా రోజుల్లో ఏది బాగుంది, ఏది బాగలేదు అని ఈ వయసులో లెక్కేస్తే నాకు ఒక్కటే మిగులుతుంది. కుంపటి పోయినా పర్వాలేదు, నడుముకట్టు పోయినా పర్వాలేదు, నీళ్లు కొలిచి పోసిన ఆ చెంబు పోయినందుకు సంతోషం కూడా. కానీ తొలిచూలు తల్లి ఒక్కతే కూర్చొని బిడ్డను చూసుకోవడం మాకు తెలీదు. జేజి ఉండేది, అమ్మ ఉండేది, మేనత్త ఉండేది, పక్కింటి పిన్నమ్మ పిలవకుండానే వచ్చి కూర్చునేది. మాట మాటకు తప్పు పట్టేవాళ్లే అందరూ. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పేవాళ్లు, నాలుగూ ఒకదానికొకటి పడేవి కావు. అయినా రాత్రి బిడ్డ లేస్తే ఎత్తుకోవడానికి ఒక చెయ్యి ఉండేది, నేను కన్ను మూసేదాన్ని. ఇప్పుడు ఐదో నెల రాగానే మా మనవరాలు బెంగళూరుకు పోతుంది. పన్నెండో అంతస్తు. పక్కింటివాళ్ల పేరు కూడా తెలీదంట. ఇంట్లో చూసుకోవడానికి కెమెరా ఉంది, పాలు వేడి చేసే యంత్రముంది, ఊగే ఉయ్యాల ఉంది. పలకరించే మనిషి ఒక్కరు లేరు.

కాబట్టి ఇది చదువుతున్న పిల్లోళ్లారా, అవ్వ చాదస్తం అనుకున్నా సరే, ఒక్క పని చెయ్యండి. మీ అపార్టుమెంటులోనో, మీ వీధిలోనో పచ్చిబాలింత ఉంటే వాళ్లింటికి పోండి. బిడ్డ ఎవరి పోలిక, తెల్లగా ఉందా నల్లగా ఉందా, ఆడదా మొగోడా, పాలు పడుతున్నాయా, ఎందుకు కోశారు, ఈ ప్రశ్నలన్నీ గడప బయట విడిచిపెట్టి పోండి. ఒక గిన్నెలో వేడి బువ్వ, కూర తీసుకుపోండి. చేతులు కడుక్కోండి. బిడ్డను రెండు గంటలు మీరు ఎత్తుకొని, తల్లిని పోయి పండుకోమనండి. సలహా ఒక్కటి కూడా చెప్పొద్దు. అది మా పని, మేము ఇంకా బతికే ఉన్నాము.